ఏడో తరగతి పఠన పీరియడ్లలో ఒక ఫాంటసీ నవల

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి మన ఏడో తరగతి పిల్లలు పఠన పీరియడ్లలో జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ నవలను పూర్తిగా చదవబోతున్నారు. పాఠ్యపుస్తకంలోని చిన్న చిన్న కథాభాగాలకు అలవాటుపడిన పిల్లలకు 19 అధ్యాయాల కథను వారాల తరబడి మనసులో నిలుపుకోవడం కొత్త అనుభవం.

డ్రాగన్లూ మరుగుజ్జులూ ఉన్న కథ వల్ల చదువుకు ఏం మేలని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. తెలిసిన ఇల్లు, తెలిసిన వీధి కథలో ఉన్నప్పుడు రచయిత చెప్పకుండా వదిలేసినదాన్ని పిల్లలు తమ అనుభవంతో పూరించుకుంటారు. ఎక్కడా లేని లోకంలో ఆ వీలు తక్కువ కనుక, కొండలోని రహస్య ద్వారం ఏ రోజున తెరుచుకుంటుందో, ఎవరి మాటను ఎంతవరకు నమ్మవచ్చో ప్రతి వాక్యాన్నీ శ్రద్ధగా చదివి తామే రాబట్టుకోవాలి. నేను కోరుకునేది ఆ శ్రద్ధనే.

ప్రతి అధ్యాయాన్నీ మొదట ఉపాధ్యాయురాలు పైకి చదివి వినిపిస్తారు. పిల్లల చేత వంతులవారీగా చదివించడం లేదు, ఎందుకంటే తన వంతు ఎప్పుడొస్తుందా అని పేరాలు లెక్కపెట్టుకునే బిడ్డకు కథ వినబడదు. చీకటి గుహలో కథానాయకుడు బిల్బో, అక్కడ నివసించే గొల్లమ్ అనే వింత ప్రాణి పొడుపుకథలతో పోటీపడే అయిదో అధ్యాయానికి మాత్రం ఎక్కువ రోజులు కేటాయించాం. 1937 నాటి తొలి ముద్రణలో బిల్బో గెలిస్తే గొల్లమ్ ఇస్తానన్న బహుమతి తన మాయా ఉంగరమే. తర్వాత రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథకు అది పొసగకపోవడంతో టోల్కీన్ ఆ ఘట్టాన్ని మార్చి రాయగా, 1951 నాటి కూర్పులో కొత్త పాఠం వచ్చింది. అచ్చయిన పుస్తకాన్నే రచయిత దిద్దుకున్నాడని తెలిస్తే, ‘మళ్లీ రాయండి’ అన్న మాటను పిల్లలు శిక్షగా భావించరని నా నమ్మకం.

ఈ నవల అచ్చుకు ముందు ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ రాతప్రతిని పదేళ్ల తన కొడుకు రేనర్‌కు ఇచ్చి, అభిప్రాయం రాయించుకుని, అందుకు ఒక షిల్లింగు చెల్లించారు. మన పిల్లలకు కూడా చివరలో పరీక్ష ఉండదు. పుస్తకం ఎలా ఉందో, ఎందుకలా అనిపించిందో ఒక పేజీ రాస్తే చాలు. నచ్చలేదని రాసినా, కారణం చెబితే అంతే ఆదరంగా చదువుతాం.

మీకు రెండు విన్నపాలు. పిల్లలు బిల్బో ముఖాన్ని తమంతట తాము ఊహించుకునేలా, నవల పూర్తయ్యేదాకా దీని ఆధారంగా వచ్చిన సినిమాలు చూపించకండి. ఇంట్లో కథ చెబుతుంటే, తప్పులు దిద్దకుండా వినండి.

కథ చివర యుద్ధం, ఒక ముఖ్య పాత్ర మరణం ఉన్నాయి. ఈ మధ్య ఇంట్లో ఎవరినైనా కోల్పోయిన పిల్లలుంటే దయచేసి ముందే నాకు తెలియజేయండి. ఆ అధ్యాయాలు మొదలుపెట్టేలోగా ఆ బిడ్డతో విడిగా మాట్లాడతాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు