తప్పు మీది, నెపం తక్దీర్‌దా?

సంపాదకులకు,

పోయిన శుక్రవారం మీ ఆధ్యాత్మికం పేజీలో, ఇస్లాంలో అంతా తక్దీర్, అంటే అల్లా ముందే రాసిన రాత అనీ మనిషి చేయగలిగింది ఏమీ లేదనీ ఒక వ్యాసం వేశారు. అదే రోజు జవాబు రాద్దామనుకున్నాను. మా ఆవిడను ఆసుపత్రికి తిప్పడంతోనే వారం గడిచిపోయింది.

ట్రిప్లికేన్‌లో మా సందులో వాననీటి కాలువ మూత తీసినవాళ్లు మళ్లీ పెట్టలేదు. కరెంటు పోయిన రాత్రి ఆమె అందులో పడి చీలమండ విరిగింది. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే ఆఫీసులో ఒకాయన, ‘మీ వాళ్లు అంతా తక్దీర్ అంటారు కదా భాయ్, మమ్మల్ని ఎందుకంటారు?’ అన్నాడు. మీ వ్యాసం ఇలాంటివాళ్లకే పనికొస్తుంది.

మేం నెల్లూరు వైపు నుంచి వచ్చిన దూదేకులం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ‘ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత అల్లా మీద భారం వెయ్యి’ అన్న ప్రవక్త మాట చెప్పి, మా నాన్న మా చేత రోజూ సైకిల్‌కు తాళం వేయించేవారు. ఖలీఫా ఉమర్ సిరియాకు వెళ్తుంటే అక్కడ ప్లేగు ఉందని దారిలోనే తెలిసి వెనక్కి మళ్లాడు. ‘అల్లా నిర్ణయం నుంచి పారిపోతున్నావా?’ అని ఆయన సేనాని అబూ ఉబైదా అడిగితే, ‘అవును, అల్లా నిర్ణయం నుంచి అల్లా నిర్ణయంలోకే’ అన్నాడు. ఒకవైపు పచ్చిక, మరోవైపు ఎండిన నేల ఉన్న లోయలో ఒంటెలను ఎటు మేపినా అది అల్లా నిర్ణయమే కదా అని కూడా అడిగాడు. ఎటు తోలాలో చూసుకోవడం కాపరి పని.

ఖదర్‌ను, అంటే ఈ దైవ నిర్ణయాన్ని, నమ్మడం మా ఈమాన్‌లో (విశ్వాసంలో) భాగమే, కాదనను. కానీ మనిషిని గాలికి కొట్టుకుపోయే ఆకులా చూసింది జబరియా వర్గం. మీరు దాన్నే మొత్తం ఇస్లాం చేసేశారు. మనిషి పనులు మనిషివే, లేకపోతే శిక్షించడం అన్యాయం అవుతుందని ముఅతజిలా అనే మరో వర్గంవాళ్లు వాదించారు. పనిని సృష్టించేది దేవుడే, దాన్ని సంపాదించుకునేది, అంటే తనదిగా చేసుకుని దానికి బాధ్యుడయ్యేది మనిషి అన్నాడు అష్అరీ అనే పండితుడు. మా హనఫీ సంప్రదాయం వాళ్లు ఎక్కువగా అనుసరించే సమర్‌ఖండ్ పండితుడు మాతురీదీ (మరణం 944) మనిషి ఎంపిక నిజమైనదే అన్నాడు. వీళ్లలో ఒక్కరి పేరైనా మీ వ్యాసంలో లేదు. ఒకప్పుడు మతం గురించి వేసే ముందు తెలిసినవాళ్లకు ఒకసారి చూపించేవారు. ఇప్పుడు పేజీ నిండితే చాలన్నట్టుంది.

పాలకులు ఈ మాట చాటున దాక్కోవడం కొత్తేమీ కాదు. ఇస్లాం తొలినాళ్లలో ఏలిన ఉమయ్యద్ వంశపు రాజులు రక్తం చిందించి, సొమ్ము లాక్కుని, ‘ఇదంతా దేవుడి ఖదర్’ అంటున్నారని మఅబద్ అల్‌జుహనీ అనే పండితుడు వెళ్లి ఇరాక్‌లోని బస్రాలో పేరున్న పండితుడు హసన్‌తో చెప్పాడట. ‘ఆ దైవద్రోహులు అబద్ధమాడుతున్నారు’ అన్నాడట హసన్. ఆ మఅబద్‌ను ఉమయ్యద్‌ల కాలంలోనే చంపేశారు.

ఆ వ్యాసానికి మీరు సవరణ వేయాలి. మా సందు కాలువకు ఈ రోజుకీ మూత లేదు. ఎవరూ పడకుండా అందులో వేపకొమ్మ గుచ్చింది మా పక్కింటి పిల్లలే.

ఒక పాఠకుడు,
ట్రిప్లికేన్, చెన్నై