గొంతు ముక్క సీసాలో పడే తీరు మారాలి

సంపాదకులకు నమస్కారం.

గొంతు క్యాన్సర్ ఎన్నో స్టేజీలో ఉందో తెలిస్తే సరిపోయే రోజులు పోయాయి. గడ్డలోకి మన రక్షణ కణాలు ఎంతమేర చొరబడ్డాయో కూడా ఇప్పుడు చూస్తున్నారు. సీడీ8 గుర్తున్న టీ కణాలు, అంటే క్యాన్సర్ కణాలను చంపే రక్షణ కణాలు, గడ్డ నడిమధ్య దాకా దట్టంగా ఉంటే రోగి కోలుకునే అవకాశం సాధారణంగా మెరుగు. అంచునే ఆగిపోతే జబ్బు మొండిదేమోనని అనుమానించాలి. పీడీ-ఎల్1 సంగతి వేరు. క్యాన్సర్ కణాల మీదా, కొన్ని రక్షణ కణాల మీదా ఉండే ఆ ప్రొటీన్ టీ కణాలకు పడే కళ్లెం. పరీక్షలో పీడీ-ఎల్1కు రంగు పట్టిన క్యాన్సర్ కణాలు, లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు (ఈ రెండూ రక్షణ కణాలే) అన్నీ కలిపి లెక్కించి, బతికున్న మొత్తం క్యాన్సర్ కణాలతో భాగించి 100తో గుణిస్తే సీపీఎస్ (కంబైన్డ్ పాజిటివ్ స్కోర్) వస్తుంది. ఆ అంకె పెద్దదైతే జబ్బు ముదిరిందని కాదు, ఇమ్యునోథెరపీకి, అంటే మన రక్షణ కణాలనే క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే చికిత్సకు, లొంగే వీలు ఎక్కువని. రోగి ఇంట్లో వాళ్లు దీన్ని తిరగేసి అర్థం చేసుకుని హడలిపోతున్నారు.

పరీక్ష ఏ పెద్ద ల్యాబులో జరిగినా, అది తేలుతుందా లేదా అన్నది టెక్కలిలోనో పాలకొండలోనో శ్రీకాకుళంలోనో బయాప్సీకి గడ్డ ముక్క తీసిన గదిలోనే నిర్ణయమైపోతుంది. ముక్కను సెలైన్‌లో వేసి పంపితే దారిలోనే కుళ్లుతుంది. ఇంజెక్షన్ సీసాలో నాలుగు చుక్కల ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఆపే ద్రవం) పోసి కుక్కితే లోపలిదాకా ఇంకదు. వెడల్పు మూతి సీసా కావాలి, ముక్కకు పదింతలు ద్రవం కావాలి. అది 10 శాతం బఫర్డ్ ఫార్మలినే అయి ఉండాలి. లీటరుకు ఫార్మలిన్ 100 మి.లీ., నీళ్లు 900 మి.లీ., మోనోసోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. తీసిన గంటలోపే అందులో పడాలి. ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉంచాలి. శనివారం వేసిన ముక్కను బుధవారం తెరిస్తే రంగు సరిగా పట్టదు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మూత బిగించి బస్సులో పంపినా చెడదు.

పుండు నడుమ ఉండేది చచ్చిన కండ. అంచున, కాస్త లోతుగా, మూడు నాలుగు ముక్కలు తీయాలి, ఫోర్సెప్స్‌తో నలపకుండా. బతికున్న క్యాన్సర్ కణాలు కనీసం 100 లేకపోతే సీపీఎస్ చెప్పలేరు. అప్పుడు మింగుడు పడని మనిషికి మళ్లీ బయాప్సీ.

అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే మన తీరపు ఆడవాళ్లకు వచ్చే అంగిలి పుండ్లదీ ఇదే దారి. అక్కడ ముక్కతో పాటు ఎముక వస్తే దాన్ని మెత్తబరచడానికి నైట్రిక్ యాసిడ్‌లో నానబెడుతుంటారు. దాంతో ఈ గుర్తులు చెరిగిపోతాయి. రోజులు పట్టినా ఎముకను మెల్లగా మెత్తబరిచే ఈడీటీఏ ద్రావణం వాడాలి.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల వైద్యాధికారులను కోరేది ఇదీ. ప్రతి ఈఎన్‌టీ ఆపరేషన్ గదిలో ముందే ఫార్మలిన్ నింపిన సీసాలు ఉంచండి. ముక్క తీసిన వేళ, ఫార్మలిన్‌లో వేసిన వేళ, రెండూ చీటీ మీద రాయించండి. పైఆసుపత్రికి పంపేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు ముక్కను పొదిగిన మైనపు బ్లాకు కూడా రోగి చేతికివ్వండి. ముందే కోసి పెట్టిన స్లైడ్లు నెలలు గడిస్తే పీడీ-ఎల్1కు సరిగా రంగు పట్టవు, బ్లాకు నుంచి కొత్తవి ఎప్పుడైనా కోసుకోవచ్చు.

— పాథాలజీ వైద్యులు, శ్రీకాకుళం