ఎలక్ట్రానిక్ సంగీతంలో స్విచ్ చేసే పని

సంపాదకులకు నమస్కారం.

వేర్వేరు పనులు చేసే విడి భాగాలను (మాడ్యూళ్లను) తీగలతో కలిపి ఎలక్ట్రానిక్ ధ్వనులు పుట్టించే మాడ్యులర్ సింథసైజర్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. అయితే ఈ యంత్రాలు ఒకసారి అమర్చిన స్వరాలనే విసుగు పుట్టేలా తిప్పుతుంటాయన్న వ్యాసకర్త అభిప్రాయంతో ఏకీభవించలేను. అది స్వరాల ఎత్తును నిర్ణయించే వోల్టేజీలను మెట్టు తరువాత మెట్టుగా పంపే సీక్వెన్సర్ ఒక్కదాన్నే చూసి ఏర్పరచుకున్న అభిప్రాయం. దాని పక్కన సీక్వెన్షియల్ స్విచ్ అనే చిన్న మాడ్యూల్ చేరితే సంగతే మారిపోతుంది. వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు.

జర్మనీలోని డోప్ఫర్ సంస్థ చేసే ఏ-151నే తీసుకుందాం. ఒకవైపు ఒక సాకెట్, మరోవైపు నాలుగు ఉంటాయి. ట్రిగర్ సాకెట్‌కు పల్స్ (క్షణకాలపు విద్యుత్ సంకేతం) అందిన ప్రతిసారీ ఆ ఒక్కటీ నాలుగింటిలో తరువాతి దానితో కలుస్తుంది. సిగ్నల్ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కూడా పోగలదు కనుక, నాలుగు వోల్టేజీలను వంతులవారీగా ధ్వనిని పుట్టించే ఒకే ఆసిలేటర్‌కు పంపడానికీ, ఒకే ధ్వనిని నాలుగు ఫిల్టర్లకు పంచడానికీ అదే మాడ్యూల్ సరిపోతుంది. రెండు, మూడు, నాలుగు స్థానాలలో ఎన్ని వాడాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

అసలు కీలకం ఆ నిర్ణయంలోనే ఉంది. ఎనిమిది మెట్ల సీక్వెన్సర్‌నూ స్విచ్‌నూ ఒకే క్లాక్‌తో, అంటే సమాన వ్యవధిలో వచ్చే పల్స్‌లతో నడిపి, స్విచ్ నుంచి వచ్చే వోల్టేజీని సీక్వెన్సర్ వోల్టేజీకి కలిపామనుకుందాం. వోల్టుకు ఒక స్థాయి లెక్కన, మొదటి స్థానంలో సున్నా, రెండో దానిలో పంచమానికి ఎత్తే 0.58 వోల్టులు, మూడో దానిలో తారస్థాయికి ఎత్తే 1 వోల్టు పెట్టాలి. నాలుగో స్థానాన్ని కూడా వాడితే, ఎనిమిదిని నాలుగు శేషం లేకుండా భాగిస్తుంది కాబట్టి ప్రతి మెట్టుకూ ఎప్పుడూ అదే స్థానం దక్కుతుంది, వ్యాసకర్తకు విసుగు తెప్పించిన పునరావృతమే వినిపిస్తుంది. మూడుకు తగ్గిస్తే మొదటి మెట్టుకు తొలి ఆవర్తంలో ఒకటో స్థానం, మలి ఆవర్తంలో మూడోది, ఆ పై ఆవర్తంలో రెండోది వస్తాయి. 24 పల్స్‌లు గడిస్తే గానీ వరుస మొదటికి రాదు. ఏడు అక్షరాల మిశ్రచాపు తాళం మాదిరి ఏడు మెట్లు పెట్టుకుంటే నాలుగు స్థానాలతోనే 28 పల్స్‌ల వరుస దొరుకుతుంది. ఏ ముక్తాయింపు (ముగింపు జతి) ఎక్కడ సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు చేరుతుందో వేళ్లమీద లెక్కగట్టే మన మృదంగ విద్వాంసులకు ఈ గణితం కొట్టిన పిండి. కావాలనుకున్న చోట సమానికి రప్పించడానికి స్విచ్‌ను మొదటి స్థానానికి తెచ్చే రీసెట్ సాకెట్ ఉండనే ఉంది.

ఒక జాగ్రత్త అవసరం. వోల్టేజీకి బదులు ధ్వనినే స్విచ్‌లోంచి పంపితే, తరంగం ఒక్కసారిగా దూకడం వల్ల మార్పు జరిగే క్షణంలో టక్కుమని శబ్దం వస్తుంది. స్విచ్ తరువాత వీసీఏను (వోల్టేజీతో ధ్వని బిగ్గరతనాన్ని పెంచి తగ్గించే మాడ్యూల్‌ను) ఉంచి, అది మూసుకుని ఉన్న సమయంలోనే స్థానం మారేలా చూసుకోవాలి.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. అమెరికాలోని మూగ్ సంస్థ చేసిన 960 సీక్వెన్సర్‌లోని మూడు ఎనిమిది మెట్ల వరుసలను 962 స్విచ్ ఒకదాని వెనుక ఒకటిగా చేర్చి 24 మెట్లు చేసేది. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ చొరవతో మూగ్ సింథసైజర్ వచ్చింది. అంత పాత పరిచయం ఉన్న దేశంలో, దీన్ని చక్రం తిప్పే బొమ్మగా పరిచయం చేయడం నాకు బాధ కలిగించింది.

ఖరీదు కూడా ఇప్పుడు అడ్డు కాదు. మాడ్యులర్ సింథసైజర్‌ను కంప్యూటర్‌లోనే నడిపే వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సీక్వెన్షియల్ స్విచ్‌లు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల సంగీత కళాశాలల్లో లయ బోధించే అధ్యాపకులు కంప్యూటర్‌పై ఏడు మెట్లకు నాలుగు స్థానాలు జతచేసి విద్యార్థులకు వినిపించాలనీ, మీ అనుబంధంలో ఈ మాడ్యూల్ పనితీరుపై ఒక వ్యాసం ప్రచురించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ