లీటరుకు పది రూపాయల సంగతి

జనవరి, ఫిబ్రవరిలో మా అంగట్లో అమ్మిన ప్రతి లీటరు చెనక్కాయ నూనె మీద పది రూపాయలు పక్కన పెట్టి సోమాలియా కరువు సాయానికి పంపుతామని చెప్పాం కదా. మొత్తం 18,400 అయింది. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి పంపేశాం. రసీదు గల్లాపెట్టె పక్కనే అంటించాం, వచ్చినప్పుడు చూడండి.

"మన అనంతపురంలో లేని కరువా?" అని కొందరు గట్టిగానే అడిగారు. న్యాయమైన మాటే. కానీ ఇక్కడ వాన తప్పితే రేషన్ బియ్యం ఉంటాయి, కూలి డబ్బులు ఆలస్యమైనా ఉపాధి పని ఉంటుంది, ఏదీ లేకపోతే బెంగళూరు బస్సుంటుంది. సోమాలియాలో 2020 చివరి నుంచి 2022 చివరిదాకా వరుసగా ఐదు వానాకాలాలు తప్పిపోయాయి. 2011లో ఇలాగే జరిగి సుమారు 2.6 లక్షల మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఐదేళ్ళలోపు పిల్లలే. జూలైలో ఐక్యరాజ్యసమితి క్షామం అని ప్రకటించేసరికే దాదాపు సగం ప్రాణాలు పోయాయి. ఈసారి మేం పంపేనాటికి ఇంకా ప్రకటించలేదు. ప్రకటించాక ఇద్దాంలే అనుకోవడం మాకు సబబుగా తోచలేదు.

డబ్బెందుకు, మన చెనక్కాయ ఉండలే పంపొచ్చుగా అని ఇంకొందరు. కరువులో సంత ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. గడ్డిమోపు ధర ఎక్కేకొద్దీ ఎద్దుల ధర దిగుతుంది. అక్కడ మేకలకూ జొన్నలకూ అదే లెక్క. అంగట్లో జొన్నలుంటాయి, కొనేవాడి చేతిలో డబ్బుండదు. అందుకే చాలామందికి సాయం డబ్బు రూపంలోనే ఇస్తున్నారు.

బాగా చిక్కిపోయిన పిల్లలకు పెట్టేది మాత్రం నిజంగా చెనక్కాయ ముద్దే. 92 గ్రాముల ప్యాకెట్, 500 కేలరీలు. పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి వెన్నలా రుబ్బుతారు. పొయ్యి అక్కర్లేదు, నీళ్ళు కలపక్కర్లేదు. మూల చించి ఇస్తే పిల్లాడే చీక్కుంటాడు. కాకపోతే ఆ గింజలో అఫ్లాటాక్సిన్, అదే బూజు విషం, దాదాపు ఉండకూడదు. కాయ ఊరే దశలో బెట్ట పడితే ఆ బూజు ఎక్కువ పడుతుంది, అంటే మన సీమ కాయకే ఆ భయం ఎక్కువ. మేం నల్లబడినవీ ముడుచుకున్నవీ చేత్తో ఏరేసి, లాట్‌కి ఒక శాంపిల్ ల్యాబ్‌కి పంపుతాం. మీకూ మాకూ అది చాలు. జబ్బున పడ్డ పసిబిడ్డకు చాలదు.

మార్చి నుంచి ఆ పది రూపాయలు ఆపేశాం. కాయ ధర పెరిగింది, ఉన్నమాట చెప్తున్నాం, ఇక మా వల్ల కాదు. నూనె ధర అయితే పెంచట్లేదు. ఇంకా ఇవ్వాలనుకునేవాళ్ళు మా బిల్లులో కలపకుండా నేరుగా ఆ సంస్థకే పంపండి, రసీదు మీ పేరునే వస్తుంది. నువ్వుల నూనె ఈ వారం లేదు, గురువారం ఆడిస్తాం.