సాయం ఎవరికి, సాగు ఎవరిది: రెండు పేర్లూ వేయండి

సంపాదకుడు గారికి,

అన్నదాతా సుఖీభవ డబ్బు పడిందో లేదో తెలియాలంటే ఎవరి ఆధార్ నంబరు వారు కొట్టి చూసుకోవాలి. పీఎం కిసాన్ వెబ్‌సైటులో ఊరివారీగా పేర్లు కనిపిస్తాయి గానీ, ఏ పొలం మీద ఇచ్చారో, ఆ పొలం ఎవరు చేస్తున్నారో ఉండదు. రైతు సాయంగా పీఎం కిసాన్ కింద కేంద్రం 6,000, అన్నదాతా సుఖీభవ కింద రాష్ట్రం 14,000, కలిపి ఏడాదికి 20,000 రూపాయలు. ఊరు మొత్తానికి లెక్కేస్తే చిన్న సొమ్మేం కాదు.

ఉపాధి హామీ కూలీల సంగతి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే సామాజిక తనిఖీ మొదలైంది. ఎవరు ఎన్ని రోజులు మట్టి తవ్వారు, ఎంత తీసుకున్నారు అని ఇంటింటికీ తిరిగి అడుగుతారు, తేడాలుంటే మండలంలో అందరి ముందూ చదువుతారు. మంచి పద్ధతే. కానీ ఎండలో పలుగు పట్టిన మనిషి లెక్క మైకులో చెప్పొచ్చట, గట్టు మీద కాలు పెట్టని పట్టాదారు లెక్క మాత్రం గుట్టుగా ఉండాలట!

నేనూ ఆ పట్టాదారుల్లో ఒకణ్నే. పొలం తెనాలి వైపు, కాపురం గుంటూరులో. దుక్కి నుంచి కోత దాకా పెట్టుబడి కౌలుదారుదే. బస్తాల లెక్కన కౌలు నాకు ముట్టచెబుతాడు. పీఎం కిసాన్ భూమి ఉన్నవాళ్లకే కాబట్టి అది పడేది నా ఖాతాలో. నా పొలం అతను సాగు చేస్తున్నాడని చెప్పే కౌలు కార్డుకు నేను సంతకం పెట్టాను. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలకే, దానితో భూమి మీద హక్కేమీ రాదు. అయినా చాలామంది పెట్టరు. భూమి పోతుందని కొందరి భయం, ఈ సాయం పోతుందని ఇంకొందరి లెక్క. రెండోది ఎవరూ పైకి అనరు లెండి.

అందుకే నేను అడిగేది ఒక్కటే. డబ్బు తీసుకున్నవారి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, మొత్తం, ఆ పక్కనే ఈ-పంటలో (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ రికార్డులో) నమోదైన సాగుదారు పేరు వేసి జాబితా పెట్టండి. రెండు రికార్డులూ వ్యవసాయ శాఖ దగ్గరే ఉన్నాయి. కొత్తగా సర్వే చేసే పని లేదు. అసలు సాగుదారు పేరు బదులు ఓనరు పేరే ఈ-పంటలో ఎక్కిన చోట్ల ఆ తిరకాసు కూడా బయటపడుతుంది, ఎందుకంటే పొలం ఎవరు చేస్తున్నారో ఊళ్లో అందరికీ తెలుసు.

ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు మాత్రం వేయకూడదు. ఇప్పటికే ఓటీపీ మోసగాళ్లతో టెన్షన్ చాలు. యూరప్‌లో రైతు సబ్సిడీలు తీసుకున్న ప్రతి ఒక్కరి పేరూ బయటపెట్టడం అతి అని 2010లో అక్కడి కోర్టు కొట్టేసింది. తర్వాత రాసిన నిబంధనల్లో 1,250 యూరోలకు మించని చిన్న రైతుల పేర్లు దాచారు. ఆ కొలత పెడితే మన దగ్గర ఒక్క పేరూ బయటికి రాదు. కానీ మన గొడవ ఎంత ఇచ్చారన్నది కాదు, ఎవరికి ఇచ్చారన్నది.

సమాచార హక్కు చట్టం 4(1)(బి)లో 12వ అంశం సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రకటించమంటోంది. 2023 డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, ఇక పేర్లు ఇవ్వకూడదు అనేవాళ్లున్నారు. సమాచార హక్కు చట్టంలో అది మార్చింది 8వ సెక్షన్‌ను, 4వ సెక్షన్‌ను కాదు.

వచ్చే విడత పడిన వారంలోగా జాబితా రైతు సేవా కేంద్రం గోడకు అంటిస్తే, అభ్యంతరాలు గ్రామసభలో తేల్చుకుంటాం. నా పేరు పక్కన నా కౌలుదారు పేరు వేయడానికి నాకే అభ్యంతరమూ లేదు.

ఇట్లు,
ఒక పట్టాదారు,
బ్రాడీపేట, గుంటూరు