ఒకే నీళ్లకు రెండు లెక్కలు

మారతహళ్లి, బెంగళూరు
ఆదివారం రాత్రి

ప్రియమైన ప్రసాద్,

నడుము ఎంఆర్ఐ స్కాన్ తీయించుకుని వచ్చి నువ్వు వేసిన ప్రశ్నకు ఫోనులో తడబడ్డాను. "అన్ని కోట్ల యంత్రం రోకలిపోటులా ఎందుకు మోగుతుందిరా?" అన్నావు కదా!

అందులో గ్రేడియంట్ తీగచుట్టలుంటాయి, అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని చోటును బట్టి కాస్త మార్చేవి. బలమైన అయస్కాంత క్షేత్రంలో వాటి కరెంటును టకటకా మారుస్తుంటే, లౌడ్‌స్పీకర్‌లోని తీగచుట్టలా అదురుతాయి. మోత 100 డెసిబెళ్లు దాటడం మామూలే. మేం పనిచేస్తున్న నిశ్శబ్ద పద్ధతిలో గ్రేడియంట్‌ను ఆపం, కొలతకొకసారి దాని దిక్కును రవ్వంత తిప్పుతాం. అప్పుడు గదిలో ఏసీ చప్పుడే పెద్దగా వినిపిస్తుంది.

కొలతలన్నీ బండిచక్రం ఆకుల్లా నడిమి నుంచి బయటికి సాగుతాయి. చిక్కంతా ఆ నడిమిలోనే. యంత్రం రేడియో తరంగం పంపిన మరుక్షణం వినలేదు. గట్టిగా అరిచినవాడి చెవి కాసేపు పనిచేయనట్టే! ఆ కొన్ని మైక్రోసెకన్లలో చక్రం కుండ పోతుంది, ఆకులే మిగులుతాయి. చిత్రం మొత్తం వెలుగునీడలు ఉండేది ఆ కుండలోనే. ఖాళీ చిన్నదైతే చుట్టుపక్కల కొలతల నుంచి లెక్కగట్టి పూడ్చవచ్చు. పెద్దదైతే ఒక్కో బిందువునూ విడిగా కొలవాలి. ఖాళీ రెండింతలైతే బిందువులు ఎనిమిదింతలు, రోగి అంతసేపు కదలకుండా పడుకోవాలి.

ఇక నా బాధ విను. బొమ్మ బాగుంటే చాలదు, ప్రతి చుక్కకూ టీ1 అంకె మిల్లీసెకన్లలో రావాలి, అదీ సరిగ్గా. రేడియో తరంగం కదిలించాక అక్కడి అయస్కాంతత్వం మళ్లీ కుదురుకునే వేగాన్ని చెప్పే కాలమే టీ1. రాత్రి పదకొండు దాటాక యంత్రం ఖాళీ అయితే నీళ్ల డబ్బా పెట్టి కొలిచాను. నడుమ ఒక అంకె, అంచున ఇంకొకటి. నీళ్లు మాత్రం అవే! కుండ పూడ్చే ప్రోగ్రాముదే తప్పనుకుని మూడు వారాలు తిరగరాశాను. చివరికి అది నిర్దోషి. మా యంత్రం అయస్కాంత క్షేత్రం బలం 3 టెస్లాలు, ఆ బలం దగ్గర నీళ్లలో రేడియో తరంగం పొడవు సుమారు 26 సెంటీమీటర్లే, మా డబ్బా కూడా ఇంచుమించు అంతే. దాంతో నడుమ తరంగం బలం ఎక్కువ. నేను వాడిన పద్ధతిలో ఆ బలాన్ని పది శాతం తప్పుగా లెక్కిస్తే టీ1 దాదాపు ఇరవై శాతం తప్పుతుంది. తరంగం బలానికి విడిగా ఒక పటం తీసి సరిదిద్దితే డబ్బా అంతా ఒక్క అంకెకు వచ్చింది. ఇంత తేలిక సంగతి ముందే తట్టనందుకు సిగ్గుపడ్డాను, ఇంట్లో మాత్రం గొప్పగా చెప్పుకున్నాను.

బుధవారం నా తలే లోపల పెడుతున్నారు. మెదడులో తెల్లపదార్థానికి టీ1 800 నుంచి 1,000 మిల్లీసెకన్ల మధ్య రావాలి. రాకపోతే తప్పు ప్రోగ్రాముదో, నా తలదో నువ్వే తేల్చాలి.

వచ్చేటప్పుడు అత్తయ్య పెట్టిన ఉసిరికాయ పచ్చడి మరవకు.

నీ
మూర్తి