2024–25 వార్షిక నివేదిక: విశాఖ తీరంలో రసాయన కాలుష్యంపై మన సంఘం చేసిన పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం తొమ్మిదిసార్లు సమావేశమైంది. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కనుక నేరుగా పనిలోకి వస్తాను.

అందరం గర్వంగా చెప్పుకోవలసింది వేట నిషేధం రోజుల్లో స్లిప్‌వే (పడవల్ని ఒడ్డుకు లాగి బాగుచేసే వాలు గట్టు) దగ్గర జరిగిన పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలు ఒడ్డునే ఉంటాయి. పాత రంగు గీకడం, కొత్త రంగు వేయడం, ఇంజనాయిల్ మార్చడం అన్నీ ఆ రోజుల్లోనే. ఫ్యాక్టరీ మురుగు గొట్టం మన చేతిలో లేదు. స్లిప్‌వే మన చేతిలోనే ఉంది.

పడవ అడుగున గుల్ల (అంటుకుని పెరిగే చిన్న సముద్ర జీవులు) పట్టకుండా వేసే ఎర్ర రంగులో ముఖ్యంగా ఉండేది రాగి, అంటే క్యూప్రస్ ఆక్సైడ్. గుల్ల పిల్లల్ని చంపడానికే దాన్ని వేస్తారు. గీకిన పెచ్చు నీళ్లలో పడితే బురదలోకి దిగి అక్కడా అదే పని చేస్తుంది. పాత పడవల లోపలి రంగు పొరల్లో ట్రైబ్యుటైల్ టిన్ అనే విషం ఉండే అవకాశం ఉంది. లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లో వంతు ఉన్నా చాలు, కొన్ని జాతుల ఆడ నత్తలకు మగ అవయవాలు పెరిగి సంతానం ఆగిపోతుంది. దీన్ని ఆపే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. మన దేశం అందులో 2015లో చేరింది. 2023 జనవరి 1 నుంచి సైబ్యుట్రిన్ అనే మరో మందును కూడా ఆ ఒప్పందపు నిషేధ జాబితాలో చేర్చారు. రంగు డబ్బా కొనేటప్పుడు అంగడివాడి మాట మీద పోకుండా డబ్బా మీద రాసింది చదవాలని ప్రతి బోటు యజమానికీ చెప్పాం.

చేసిన పద్ధతి ఇది. దిమ్మల మీదికి ఎక్కిన పడవ కింద టార్పాలిన్లు ఒకదాని మీద ఒకటి జానెడున్నర ఎక్కేలా పరిచి, అంచుల్ని సరుగుడు కర్రలకు చుట్టి గట్టులా లేపాం. గీకే ముందు రంగు మీద నీళ్లు చల్లి తడిపాం. పొడిగా గీకితే, మరీ ముఖ్యంగా గ్రైండరు పెడితే, ఆ దుమ్ము పెయింటరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మిగిలింది గాలితో నీళ్లలో పడుతుంది. ఏ పూట పెచ్చులు ఆ పూటే, పోటు రాకముందే, చీపురుతో ఊడ్చి రెండు పొరల సంచుల్లో కట్టి, తూచి, పడవ నంబరు రాసి షెడ్డులో పెట్టాం.

మొదటి వారం సగం పని పాడైంది. దిమ్మల అంచులకు రాసుకుని టార్పాలిన్లు చిరిగాయి. చిరుగు కనబడదు, టార్పాలిన్ ఎత్తాక కింద సిమెంటు మీద ఎర్రటి పొడి కుప్పగా కనబడుతుంది. తర్వాత నుంచి దిమ్మల దగ్గర పాత గోనెసంచులు మడిచి వేశాం. రెండో ఇబ్బంది సముద్రపు గాలి. మధ్యాహ్నం అది లేచాక టార్పాలిన్ మీద ఏదీ నిలవదు. అందుకని గీకుడు పదకొండుకల్లా ముగించి, మధ్యాహ్నం రంగు వేసే పని పెట్టుకున్నాం. ఇది పెయింటర్లు చెప్పిన ఉపాయమే. మూడోది ప్రెషరు గొట్టంతో కడగడం. రెండు పడవల దగ్గర మా మాట వినకుండా కడిగేశారు. ఆ నీళ్లు ఏ సంచిలోకీ రావు, నేరుగా కాలువలోకే.

వాడేసిన ఇంజనాయిల్‌కు 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు పెట్టాం, నాలుగూ నిండాయి. ఇక్కడ ఒక్క సంగతి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇంజను గది అడుగున చేరే నూనె నీళ్లను ఆయిల్ డ్రమ్ములో పోయకూడదు. వాటికి వేరే డ్రమ్ము ఉంది. రెండు రోజులు కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది, పైనుంచి తోడుకోవచ్చు. కానీ అడుగు శుభ్రం చేయడానికి బట్టల సబ్బు పొడి వేశారా, నూనె చుక్కలు చుక్కలుగా నీళ్లలో కలిసిపోయి పాలలా మారుతుంది, ఇక తేలదు. అలాంటి డ్రమ్మును తీసుకునే వాడు లేడు. ఒక డ్రమ్ము మొత్తం అలాగే పాడైంది. సబ్బు వేస్తే నీటి మీద నూనె తళుకు కనబడకుండా పోతుంది, విషం మాత్రం పోదు.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈ నూనె అనుమతి ఉన్న రీసైక్లరుకే ఇవ్వాలి. ఇటుక బట్టీలకు అమ్మకూడదు. 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు, లోడుతో పాటు ఫారం 10 (సరుకు ఎక్కడికి పోతోందో తెలిపే కాగితం) నింపాలి. నింపాం, నకళ్లు ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

ఇక నీటి నమూనాలు. నెలకొకసారి ఐదు చోట్ల తీయాలని తీర్మానించాం. పన్నెండుసార్లకు జరిగింది ఏడుసార్లు. కారణం దాచను. పేర్లిచ్చిన వాళ్లు ఇరవై ఇద్దరు, తెల్లవారుజామున జట్టీ మీదికి వచ్చింది ప్రతిసారీ అదే నలుగురు. గెడ్డ (వాగు) నీరు సముద్రంలోకి దిగేది పాటు చివర్లో, అంటే సముద్రం వెనక్కి తగ్గాక. పోటులో తీస్తే శుభ్రమైన సముద్రపు నీరే సీసాలోకి వస్తుంది, ఆ కాగితం ఎవరి చేతిలోనైనా ‘కాలుష్యం లేదు’ అనడానికి పనికొస్తుంది. పాటు తెల్లవారుజామున నాలుగింటికి ఉంటే నాలుగింటికే వెళ్లాలి. ఫొటోలు దిగిన రోజు అరవై మంది వచ్చారు. వచ్చినందుకు సంతోషమే, కానీ సీసా పట్టుకునే చేతులు కావాలి.

సీసాల సంగతి కొత్తవాళ్ల కోసం. నూనె పరీక్షకు ముదురు రంగు గాజు సీసానే వాడాలి. దాన్ని సముద్రపు నీటితో తొలవకూడదు, నూనె గోడలకు అంటుకుని లెక్క పెరుగుతుంది. బకెట్టుతో తోడి పోయకూడదు. లోహాల పరీక్షకు ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ సీసా తీసుకుని, నింపాక నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 2 కంటే తగ్గించాలి, లేకపోతే లోహం సీసా గోడకే పట్టేస్తుంది. ఇంజను ఆపి, ప్రవాహానికి ఎదురుగా, పడవ ముక్కు దగ్గర నిలబడి తీయాలి. నీటిలో కరిగిన ప్రాణవాయువు పరీక్షకు తీసే సీసాలో గాలి బుడగ ఉండకూడదు, పరీక్ష మందులు పడవ మీదే వేయాలి. ప్రాణవాయువు ఉంటే మడ్డి గోధుమ రంగులో దిగుతుంది, అస్సలు లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. హార్బరు నీటిలో ప్రాణవాయువుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీస హద్దు లీటరుకు 3 మిల్లీగ్రాములు, నూనె–గ్రీజుకు గరిష్ఠం 10.

ఒక ల్యాబు నుంచి వచ్చిన సీఓడీ (నీటిలోని మురికిని రసాయనికంగా కరిగించడానికి కావలసిన ప్రాణవాయువు) అంకె చూసి వాట్సాప్ గ్రూపులో గగ్గోలు అయింది. ఆ అంకె తప్పు. ఆ పరీక్షలో ఉప్పులోని క్లోరైడు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. మామూలు పద్ధతి లీటరుకు 2,000 మిల్లీగ్రాముల క్లోరైడు దాకా పనికొస్తుంది, సముద్రపు నీటిలో సుమారు 19,000 ఉంటుంది. ఇంకో ల్యాబు లోహాలన్నిటికీ ‘గుర్తించదగ్గ స్థాయిలో లేదు’ అని రాసింది. వాళ్ల యంత్రం ఎంత తక్కువను పట్టగలదో అడగండి, ఆ అంకె రాయకపోతే ఆ మాటకు విలువ లేదు. ఈ కాగితాలు రెండూ మన రికార్డులోంచి తీసేశాం. తప్పుడు అంకెతో ఒక్కసారి దొరికిపోతే మన నిజమైన అంకెను కూడా ఎవరూ నమ్మరు.

ఇసుక విషయంలోనూ అంతే. భీమిలి వైపు నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ సహజంగానే ఉంటాయి. దాన్ని ల్యాబుకు పంపి ‘భారలోహాలు’ అనకూడదు. విషం పట్టుకునేది సన్న బురద. గ్రాబు (అడుగు బురదను పట్టి తెచ్చే ఇనుప దవడ)తో తీసి, పైన రెండు సెంటీమీటర్లు మాత్రం, గ్రాబు గోడకు తగలని మధ్య భాగం నుంచి ప్లాస్టిక్ చెంచాతో తీసుకోవాలి. 63 మైక్రాన్ల జల్లెడ దాటిన భాగాన్నే పోల్చాలి.

పోలికకు శుభ్రమైన చోటుగా ఉత్తరాన ఒక్క చోటే పెట్టుకోవడం మన పొరపాటు. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. కాబట్టి మార్చిలో మన మురికి ఆ ‘శుభ్రమైన’ చోటికే వెళుతోంది. వచ్చే ఏడాది నుంచి దక్షిణాన కూడా ఒక చోటు ఉంటుంది.

సముద్రంలోకి వెళ్లే గొట్టం నీటి పరీక్ష ఫలితాలు ఊళ్లో తెలుగులో బోర్డు మీద రాయాలని సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు. సమాచార హక్కు దరఖాస్తు పెడితే ఇంకో కార్యాలయానికి బదిలీ చేశామన్నారు. బదిలీ అయిదు రోజుల్లో చేయాలని ఆ చట్టం సెక్షన్ 6(3) చెబుతోంది, మన కాగితం కదలడానికి నలభై రోజులు పట్టింది. మొదటి అప్పీలు వేశాం. ఆ గొట్టం దగ్గర వలేసే కుటుంబాలకు జవాబు వచ్చేదాకా ఇది వదలం.

జమా ఖర్చులు ఆడిటరు సంతకంతో చివరి పేజీలో ఉన్నాయి. రసాయనాలకు, ల్యాబు రుసుముకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది, టార్పాలిన్లు విరాళంగా రావడంతో సరిపోయింది. సభ్యత్వ బకాయిలు దయచేసి చెల్లించండి.

కృతజ్ఞతలు చెప్పవలసిన వాళ్లు చాలామంది. ప్రతిసారీ డీజిలు తీసుకోకుండా పడవ ఇచ్చిన యజమానికి, చలిలో గ్రాబు తాడు లాగిన కళాసీలకు, సంచులు కుట్టిన చేపల మార్కెట్ అక్కచెల్లెళ్లకు, సీసాలు కడిగి పెట్టిన రసాయన శాస్త్రం విద్యార్థులకు, వాళ్లను పంపిన మాస్టార్లకు, షెడ్డు తాళం ఇచ్చిన పెద్దలకు, నాలుగింటికే టీ కాచిన జట్టీ కొట్టు అమ్మకు, పదకొండు గంటల ఉపాయం చెప్పిన పెయింటర్లకు సంఘం తరఫున వందనాలు.

నమూనా జట్ల జాబితా తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పేరుతో పాటు ఏ నెలలో రాగలరో కూడా రాయండి. మొదటి విడత వచ్చే అమావాస్య తర్వాతి ఆదివారం, గుమికూడేది ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర. సీసాలు మేం తెస్తాం, రబ్బరు చెప్పులు మీరు వేసుకు రండి.

ఇట్లు,
కార్యదర్శి